కొండ కథ చెప్పి కాలువ కథ దాచారు

సూళ్లూరుపేట ప్రాంతంలో, శ్రీహరికోట రాకెట్ కేంద్రమైన షార్‌లో ఉద్యోగం వచ్చిన కుర్రవాడి చేత ఆ వచ్చే ఆదివారమే సంఘంలో సాక్ష్యం చెప్పిస్తారు. స్తోత్రాలు, చప్పట్లు, మొదటి జీతం కానుక పెట్టెలోకి. అంతవరకూ బాగానే ఉంటుంది. ఓ నాలుగేళ్ళు పోయాక అతను కాస్త బాగా పాడుతున్నాడనో, సండేస్కూలు పిల్లలు అతని చుట్టూ చేరుతున్నారనో తెలిస్తే చాలు, ఎవరో ఒక పెద్దాయన పక్కకి తీసుకెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తాడు. "ఎన్నాళ్ళు నాయనా ఈ లోకపు ఉద్యోగం? ప్రభువు నిన్ను పిలుస్తున్నాడు. వినపడటంలేదా?" ఆ రాత్రి నుంచి ఆ కుర్రవాడికి నిద్ర ఉండదు. రాకెట్ దగ్గర చేసే పని లోకానిది, మైకు దగ్గర చేసే పని దేవుడిది అనే లెక్క అతని తలకెక్కింది మరి.

మన తెలుగు సంఘాల్లో ఇప్పుడు చెలామణీలో ఉన్న అభిప్రాయం ఇదే. పిలుపంటే సేవకుడు కావడం. అది కలలోనో, దర్శనంలోనో, ఎవరో చెప్పిన ప్రవచనంలోనో వస్తుంది. వచ్చిందో రాలేదో తేల్చి ముద్ర వేసేవాడు వేదిక మీది దైవజనుడు. మిగిలిన విశ్వాసులు దశమభాగం ఇచ్చుకుంటూ, ఉపవాస ప్రార్థనల్లో కూర్చుంటూ, ఈసారైనా తమకేమైనా వినపడుతుందేమోనని చెవులు రిక్కించాలి. ఏమీ వినపడకపోతే లోపం వాళ్ళదే; విశ్వాసం చాలలేదు, లేదా ఇంట్లో ఏదో పాపం ఉంది. ఈ అభిప్రాయం బైబిలుకి నిలవదు. నెల్లూరు గడ్డ మీదికి క్రైస్తవం వచ్చిన తీరుకీ నిలవదు. ముందు మన గడ్డ సంగతే చూద్దాం, ఎందుకంటే అసలు మోసం అక్కడే జరిగింది.

అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మిషన్ పెట్టింది 1840లో. ఏళ్ళు గడిచినా పట్టుమని పదిమంది చేరకపోయేసరికి, మూసేసి వెళ్ళిపోదామా అని అక్కడ అమెరికాలో చర్చలు జరిగాయి. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి ఒంగోలులో ఒక కొండెక్కి ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. పన్నెండేళ్ళకి జాన్ క్లౌ దొర వచ్చి అక్కడ కాపురం పెట్టాడు. ఈ కథ సువార్త కూటాల్లో వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. ప్రార్థన కొండ ఇప్పటికీ ఉంది, జనం ఎక్కుతూనే ఉన్నారు.

ఆ తర్వాతి కథ మాత్రం మైకులో వినపడదు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఊళ్ళకి ఊళ్ళు ఎండిపోయాయి. అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా నడుస్తోంది. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసి ఉన్న క్లౌ దొర, ఆ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. కొలతలు, మట్టి లెక్కలు, కూలి పంపకం. సంఘంలో బోధించే తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. పగలంతా తట్టలు మోసిన మాదిగలు, యానాదులు, ఇంకా ఆకలి తరిమిన నానా కులాలవాళ్ళు, పని ఆపి కూర్చున్నప్పుడు ఆ మేస్త్రీ పక్కనే కూర్చునేవాళ్ళు. కూలి సరిగ్గా కొలిచి ఇచ్చిన మనిషి నోటి నుంచే వాళ్ళు క్రీస్తు పేరు విన్నారు. ఇంకో సంగతి. కరువు సాగినంత కాలం, దాదాపు పదిహేను నెలలపాటు, క్లౌ దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ళకీ వద్దు, తనకీ వద్దు అనుకున్నాడు. కరువు కూలి పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజులో 2222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ అంకె మనవాళ్ళకి నోటికి వచ్చు. దాని వెనకున్న మూడున్నర మైళ్ళ మట్టి మాత్రం నోటికి రాదు.

కొండ మీద అడిగిన ప్రార్థనకి జవాబు కాలువ గట్టు మీద వచ్చింది. మనం కొండని పుణ్యక్షేత్రం చేసుకున్నాం, కాలువని పీడబ్ల్యూడీకి వదిలేశాం. అదే కాలువ దక్షిణంగా దిగివచ్చి పులికాట్‌లో పడి, శ్రీహరికోట పక్కనుంచి మద్రాసు వైపు పోతుంది. దాని పక్కనే ఉండే కుర్రవాడికి మట్టి పని, ఇనుప పని, లెక్కల పని దేవుడికి సంబంధం లేనివని బోధిస్తున్నాం.

ఇక్కడ ఒకాయన లేచి నన్ను ఆపుతాడని తెలుసు. క్లౌ దొర జీవితంలోనే ఒక సూచన ఉంది కదా అంటాడు. ఉంది. ఒంగోలులో మొదట్లో ఆయన దగ్గరికి అగ్రకులాలవాళ్ళు కొందరు రావడం మొదలుపెట్టారు. యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి, మాదిగ పెద్ద, తనవాళ్ళతో చేరేసరికి, "వాళ్ళని చేర్చుకుంటే మేం రాం" అన్నారు. దొరకి ఏం చెయ్యాలో తోచలేదు. బైబిలు తెరిస్తే కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం చివరి భాగం కంటబడింది. లోకం చిన్నచూపు చూసేవాళ్ళనే దేవుడు ఏరుకున్నాడని చెప్పే చోటు అది. ఆయన భార్య కూడా అదే సమయంలో పక్కగదిలో అదే భాగం చదువుతోందట. ఇద్దరూ ఆశ్చర్యపోయారు. పేరయ్య మనుషులు చేరారు, అగ్రకులాలవాళ్ళు రాలేదు.

ఈ ముచ్చటని నేనేమీ కాదనను. కానీ ఆ సూచన ఏం అడిగిందో చూడండి. ఊళ్ళో పరపతిని వదులుకోమంది. చదువుకున్నవాళ్ళ సంఘం అనే కలని వదులుకోమంది. విన్నవాడికి నష్టం తెచ్చిన మాట అది. ఇప్పుడు మన సంఘాల్లో "దేవుడు నాతో మాట్లాడాడు" అని ఎవరన్నా సరే, ఆ మాట వల్ల చెప్పినవాడికి ఏం పోయిందో ఒక్కసారి అడిగి చూడండి. నూటికి తొంభై సార్లు ఆయనకి ఏదో వచ్చి ఉంటుంది. కారు, స్థలం, రెండో బ్రాంచి, లేదా ఫలానా అమ్మాయి. ఆ చివరిది మరీ ఘోరం. "దేవుడు నాకు నిన్ను చూపించాడు" అంటే ఆ పిల్ల ఏం చెప్పాలి? కాదంటే దేవుణ్ణే కాదన్నట్టు.

వాగ్దాన కార్డుల సంగతీ ఇలాంటిదే. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో స్టీలు పళ్ళెం తిరుగుతుంది, నిండా మడిచిన కార్డులు. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ఒకటి తీస్తారు. ట్యూబులైటు కిందికి జరిగి విప్పి చదువుకుంటారు. "నీకేం వచ్చింది వదినా?" "ద్వితీయోపదేశకాండం ఇరవై ఎనిమిది వచ్చింది. ఈ ఏడు మావాడికి ఉద్యోగం ఖాయం." తెల్లారేసరికి అది వాట్సాప్ స్టేటస్. ఏడాదంతా అప్పుల్లో నలిగిన మనిషికి ఒక ధైర్యపు మాట చేతికి అందడాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. అయితే ఆ పళ్ళెంలోకి ఎక్కని వచనాల్ని కూడా లెక్కవేయాలి. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాళ్ళ మీద యాకోబు పత్రిక అయిదో అధ్యాయం నిప్పులు కక్కుతుంది. ఆ వచనం తనకి కార్డుగా వచ్చిందని ఏ రొయ్యల చెరువు యజమానీ చెప్పగా నేను వినలేదు. కార్డులు అచ్చు వేసేవాడే దేవుడి నోరు సగం మూసేస్తే, తీసుకునేవాడు ఎంత భక్తిగా కళ్ళు మూసుకుని ఏం లాభం?

యిర్మీయా ఇరవై తొమ్మిదో అధ్యాయం పదకొండో వచనం లేని కార్డుల కట్ట దొరకదు. అది బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్ళకి ప్రవక్త రాసిన ఉత్తరంలో ఒక ముక్క. దానికి కొంచెం పైన, ఇంకా డెబ్బయ్యేళ్ళు అక్కడే అన్న కబురు ఉంది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి మంచి కోసమే ప్రార్థించండి అన్న పురమాయింపు ఉంది. ఇక ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త గుళ్ళో జనం ఎదుట నిలబడి, రెండేళ్ళలో అంతా చక్కబడుతుందని ప్రవచించాడు. జనానికి నచ్చే మాట హనన్యాది. నిజం యిర్మీయాది. మన కూటాల్లో వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడితే మైకు ఎవరి చేతికి వెళ్ళేదో నేను చెప్పనక్కర్లేదు.

దర్శనాలే లేవంటావా అని అడగవచ్చు. అనను. 1938లో రాజమండ్రిలో బైబిలు మిషన్ మొదలుపెట్టిన దేవదాసు అయ్యగారి బాటలో, వేకువనే లేచి సన్నిధిలో మాటాపలుకూ లేకుండా గంటలకొద్దీ కనిపెట్టుకుని ఉండే విశ్వాసులు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఓపిక ముందు నా వాదన చిన్నదే. నా తగవు దర్శనంతో కాదు, దర్శనం చెప్పి ఎదుటివాడి నోరు మూయించడంతో. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయంలో పౌలుకి మాసిదోనియ మనిషి కలలో కనపడ్డాడు. దానికి ముందు ఆసియాకి దారి మూసుకుపోయింది, బితూనియకి మూసుకుపోయింది. కల వచ్చిన తర్వాత కూడా బయల్దేరాలని తేల్చుకున్నది పౌలు ఒక్కడే కాదు. అక్కడ గ్రంథకర్త 'మేము' అనే రాస్తాడు. కల ఒకడిది, నిర్ణయం అందరిదీ. దమస్కు దారిలో అంత వెలుగు చూసినవాడు కూడా ఊళ్ళోకి వెళ్ళి, అననీయ అనే మామూలు విశ్వాసి వచ్చేదాకా గుడ్డివాడిలా కూర్చోవలసి వచ్చింది.

పోనీ, పిలుపు అంటే వేదిక పనే అన్న మాటకైనా ఆధారం ఉందా? నిర్గమకాండంలో దేవుడు తన ఆత్మతో, జ్ఞానంతో నింపాడని చెప్పింది ఎవరి గురించి? అహరోను బట్టలు కుట్టిన పనివాళ్ళ గురించి. ఆ తర్వాత బంగారం, ఇత్తడి, చెక్క, రాయి మీద చెయ్యి తిరిగిన బెసలేలు గురించి. ఆమోసు పశువుల కాపరి. ఎలీషాకి పిలుపు అందింది పన్నెండు జతల ఎడ్లు కట్టిన పొలంలో. పౌలు డేరాలు కుట్టి బతికాడు, దాచుకోలేదు కూడా. పదహారో శతాబ్దంలో లూథర్ మఠాలతో పెట్టుకున్న తగవుల్లో ఇదొకటి: సన్యాసికి ఉన్న పిలుపే చెప్పులు కుట్టేవాడికీ, పాలు పిండే దాసికీ ఉంది అని. మనం లూథర్ వారసులమని చెప్పుకుంటూ, ఆయన కొట్టేసిన గోడనే మళ్ళీ కట్టుకున్నాం. మఠం బదులు ప్రార్థనా మందిరం, సన్యాసి బదులు పూర్తికాల సేవకుడు.

అయితే లూథర్ మాటని తెచ్చి తెలుగు నేల మీద పెట్టేటప్పుడు చెయ్యి వణకాలి. ఎవడి పనిలో వాడు ఉండటమే దేవుడి చిత్తం అని ఈ దేశంలో చెప్పడానికి బైబిలు అక్కర్లేదు. మనుధర్మం ఎప్పుడో చెప్పింది. కులవృత్తిని పిలుపు అంటే అది సువార్త కాదు, వెట్టికి పూసిన పసుపు. మీ వాదన చివరికి అక్కడికే పోతుందని నాతో ఒక మిత్రుడు గట్టిగానే అన్నాడు. నా మీద పడ్డ దెబ్బల్లో బలమైనది అదే, కాబట్టి తప్పించుకోను. పేరయ్య మనుషుల సంగతే చూడండి. వాళ్ళు క్రీస్తు పిలుపు విన్నాక చేసిన మొదటి పనుల్లో కొన్ని: జాతరలో డప్పు కొట్టం అన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు, ఆదివారం వెట్టికి రాం అన్నారు. ఊరి పెద్దల కోపానికి గురై దెబ్బలు తిన్నారు. వాళ్ళకి పనిలో వినపడ్డ పిలుపు, కొన్ని పనులు మానేయమన్న పిలుపు. పిలిచిన స్థితిలోనే నిలిచి ఉండమని కొరింథు సంఘానికి రాసిన పౌలే, ఆ వెంటనే దాసుడితో, విడుదల దొరికితే దాన్ని వదులుకోవద్దన్నాడు. ఈ రెండో మాట వదిలేసి మొదటిది ప్రసంగించేవాణ్ణి నమ్మవద్దు. కాబట్టి రోజువారీ పనిలో దేవుణ్ణి వినడమంటే, చెప్పింది చేసి జీతం తెచ్చుకుని, "నా ఉద్యోగమే నా పరిచర్య" అని స్టిక్కరు అంటించుకోవడం కూడా కాదు. ఆ మాట అనేవాళ్ళలో సగం మంది ఆదివారం వంతు పని తప్పించుకోవడానికే అంటారు.

మరి ఎలా వినాలి? శ్రీహరికోట సంగతే ఒకటి చెబుతాను. 2019 జూలై 15, తెల్లవారుజామున 2.51కి చంద్రయాన్-2 లేవాలి. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా వచ్చి కూర్చున్నారు. దేశమంతా టీవీల ముందు మేలుకొని ఉంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. ఎక్కడో సాంకేతిక లోపం కనపడింది. వారం తిరిగాక, జూలై 22న, అదే రాకెట్ లేచింది. ఆపినవాళ్ళది ఏ మతమైతే నాకేం? రాష్ట్రపతి కూర్చుని ఉండగా "ఇది సరిగ్గా లేదు" అన్న మాట బయటికి రావడానికి, ఆ మాట వినే చెవులు పైన ఉండటానికి ఎన్నేళ్ళ అలవాటు కావాలో ఆలోచించండి. అలాంటి నిమిషం కంట్రోల్ రూములో ఉన్నవాడికే రాదు. కాంట్రాక్టరు దగ్గర మస్టరు రాసే అమ్మాయికి వస్తుంది, రాని కూలీల పేర్లు వచ్చినట్టు రాయమన్నప్పుడు. సిమెంటు నాణ్యత కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు సూపర్‌వైజరుకి వస్తుంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సుకి వస్తుంది. ఆ నిమిషంలో కడుపులో ఏదో తిప్పుతుంది చూడండి, దాన్ని విశ్వాసి ఏమని పిలుస్తాడు? ఎసిడిటీ అనుకుని సర్దుకుంటాడు. ఆ రాత్రి ఉపవాస కూటానికి వెళ్ళి, దేవుడు నాతో ఎందుకు మాట్లాడటంలేదని ఏడుస్తాడు.

ఈ చెవి ఒక్కరోజులో రాదు. 1521లో పాంప్లోనా కోట దగ్గర గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డ ఇగ్నేషియస్ అనే సైనికుడు కనిపెట్టిన పద్ధతి ఒకటి ఉంది. ఏ ఆలోచన అప్పటికి రంజుగా ఉండి తర్వాత మనసుని ఎండగడుతోంది, ఏది తర్వాత కూడా మనసుని నిబ్బరంగా ఉంచుతోంది అని గమనించడం. ఆయన పెట్టిన జెస్యూట్ సంఘంలో రోజూ పగటిని ఒకసారి తిప్పి చూసుకోవడం అలవాటు చేశారు. మన బాప్టిస్టులకి, పెంతెకొస్తులకి కేథలిక్కుల మాట చేదు కావచ్చు. అయినా పడుకునే ముందు "ఇవాళ ఎక్కడ వినపడింది, ఎక్కడ విననట్టు నటించాను" అని చూసుకోవడానికి ఏ శాఖవాడికైనా ఖర్చు లేదు. కాకపోతే ఆ సాయంత్రం ప్రసంగాల యూట్యూబు కట్టెయ్యాలి. అది కొంచెం కష్టం.

ఇంకో గొంతు కూడా ఉంది, మన చెవికి అసలే ఆననిది. శ్రీహరికోట దీవి ఒకప్పుడు యానాదుల అడవి. 1969లో ఆ చోటు రాకెట్ల కోసం ఎంపికైంది, 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ లేచింది. ఆ మధ్యలో దీవిలోని ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ కదిలినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పుడు పులికాట్ గట్ల వెంబడి గుడిసెల్లో ఉన్నారు. ఆధార్ లేక రేషన్ కార్డు లేక, రొయ్యల చెరువుల దగ్గర అప్పుకి కట్టుబడి కాపలా ఉండే యానాది కుటుంబాలు నెల్లూరు తీరంలో ఎవరికీ కొత్త కాదు. మూడు వారాల స్వస్థత కూటాలకి కరపత్రాలు పంచుతూ ఆ గుడిసెల ముందు నుంచే వెళతాం. ఒక కుటుంబాన్ని వెంటబెట్టుకుని మండలాఫీసు మెట్లెక్కితే ఎంత వినపడుతుందో, ముప్ఫై రోజుల ఉపవాసంలో అంత వినపడదని నా నమ్మకం. క్లౌ దొర కాలువ దగ్గర తవ్వినవాళ్ళ కోవలోనివాళ్ళే వీళ్ళు.

చివరికి తగవంతా ఎవరు తేల్చాలి అన్న దగ్గరే ఆగుతుంది. కేరళలో తుంబా ఊళ్ళో మేరీ మగ్దలీన్ చర్చి ఉన్న స్థలమే రాకెట్లకి తగినదని తేలినప్పుడు, విక్రం సారాభాయ్ వెళ్ళి బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరాని అడిగాడు. బిషప్ అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు, రాత్రి దర్శనం వచ్చిందనీ అనలేదు. ఆదివారం ఆరాధనకి రమ్మని, ఆ మత్స్యకారుల సంఘం ముందే ఆ ప్రశ్న పెట్టాడని అబ్దుల్ కలాం చాలాచోట్ల చెప్పారు. బిషప్పూ శాస్త్రవేత్తా పక్కపక్కన నిలబడి అడిగితే బెస్తవాళ్ళు కాదనగలిగేవారా అన్నది వేరే ప్రశ్న, అదీ వేయాల్సిన ప్రశ్నే. అయినా అడగడమంటూ జరిగింది. మన దగ్గర కొత్త మందిరానికి స్థలం కొనాలన్నా "ప్రభువు చూపించాడు" అన్న ప్రకటనే తప్ప, "మీరేమంటారు" అన్న ప్రశ్న ఉండదు.

సమూయేలు కథని సండేస్కూల్లో పిల్లల కథగా చెప్పి సరిపెడుతున్నాం. మొదటి సమూయేలు మూడో అధ్యాయం మళ్ళీ చదవండి, పెద్దవాళ్ళు, ముఖ్యంగా సేవకులు. పిల్లవాడికి స్వరం వినపడింది గానీ అదెవరిదో తెలియలేదు. మూడుసార్లు ముసలి ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. చూపు మందగించిన ఆ ముసలాయనే, వెళ్ళి పడుకో, ఈసారి పిలిస్తే ఇలా జవాబు చెప్పు అని నేర్పాడు. వినడం నేర్పే పెద్ద అవసరమన్నది దీన్నుంచి మన సేవకులు తీసుకునే పాఠం, సరే. తర్వాతి సగం వాళ్ళు చదవరు. పిల్లవాడికి వచ్చిన మొదటి కబురు ఏలీ ఇంటి మీద తీర్పు. కొడుకులు కానుకల మాంసాన్ని దౌర్జన్యంగా లాక్కుంటుంటే, గుడి దగ్గర సేవ చేసే ఆడవాళ్ళతో తప్పుగా నడుస్తుంటే ఊరుకున్న తండ్రి మీద తీర్పు. తెల్లారాక పిల్లవాడు భయపడి దాచబోతే, ఒక్క మాట దాచినా ఒప్పుకోనని ఏలీయే ఒట్టు పెట్టాడు. అంతా విన్నాడు. పిల్లవాణ్ణి తిట్టలేదు, సాతాను మాట్లాడించాడనలేదు, అభిషిక్తుడి మీద నోరెత్తావని శపించలేదు. మాట దేవుడిదే, ఆయన ఇష్టం అన్నాడు. మన సంఘాల్లో వచ్చే ఆదివారం సాక్ష్యాల సమయంలో ఓ పద్దెనిమిదేళ్ళ పిల్ల లేచి, కానుకల లెక్కలు ఎవరి ఇంట్లో ఉన్నాయని అడిగితే, మైకు ఎంతసేపు పనిచేస్తుందో ఆ పెద్దలే చెప్పాలి.